ఈ ధరకి ఇది ఎక్కువే

"కాస్త పక్కకి జరుగు. నీ నీడ దాని మీద పడుతోంది," అన్నాడు భర్త.

ఆమె జరిగింది. చేతిలో టేబుల్ ల్యాంపు ఉంది. దాన్ని భుజం ఎత్తున పట్టుకుని నిలబడి నిలబడి చెయ్యి లాగేస్తోంది. వంటింట్లో పొయ్యి మీద పాలున్నాయి. అవి పొంగేలోపు ఈయనగారి మాటలు అయిపోతే బాగుండునని ఒక చెవి ఇటూ ఒక చెవి అటూ వేసి నిలబడింది. భోజనాల బల్ల మీద ఆమె ఇస్త్రీ చేసి పరిచిన తెల్లగుడ్డ, దాని మీద అట్టపెట్టె వాసన ఇంకా వదలని కొత్త టాబ్లెట్. అతను వారమంతా లారీల కంపెనీలో గుమస్తా. ఆదివారం సాయంత్రం మాత్రం వీడియోలు చేస్తాడు. బజార్లోకి కొత్తగా ఏ చవకరకం వస్తువు వచ్చినా పట్టుకొచ్చి, పెట్టె విప్పి, మొదటిసారి వాడితే ఎలా అనిపించిందో చెప్పడం అతనికి సరదా. వాటికి 'తొలిచూపు' అని పేరు పెట్టుకున్నాడు. చూసేది ఆఫీసువాళ్ళూ, చుట్టాలూ, ఎక్కడెక్కడివాళ్ళో మరో నలుగురూ. లైటు పట్టుకునేది మాత్రం ఎప్పుడూ ఆమే.

"చూడగానే నాకైతే ముచ్చటేసింది మిత్రులారా," అంటున్నాడు, ఎదురుగా నిలబెట్టిన ఫోనులోకి చూస్తూ. ఆ మెత్తటి గొంతు ఇంట్లో వాడేది కాదు. "పల్చగా ఉంది. ఒళ్ళో పెట్టుకుంటే బరువే తెలీదు. ఖరీదైనవాటికుండే మిడిసిపాటు లేదు. లోపాలు లేవా అంటే, ఉన్నాయి. కాస్త నిదానం. ఏదన్నా చెప్తే ఒక్క క్షణం ఆలోచించుకుని అప్పుడు మొదలెడుతుంది. ఒక్కోసారి రెండోసారి చెప్పాల్సొస్తుంది. ఎక్కువసేపు పనిచేయిస్తే అలిసిపోయి వేడెక్కుతుంది. కానీ మిత్రులారా, ఈ ధరకి ఇది ఎక్కువే. అన్నీ దీన్నుంచే ఆశిస్తే ఎలా? మనమే కాస్త సర్దుకుపోవాలి."

ల్యాంపు ఊగింది. వెలుగు గోడ మీదకి పోయి వచ్చింది.

"లైటు కదిలింది. మళ్ళీ తియ్యాలి," అన్నాడు మామూలు గొంతుతో.

మళ్ళీ చెప్పాడు. మళ్ళీ సర్దుకుపోయాడు. ఈసారి వీధిలో ఎవరో హారన్ కొట్టారు. మూడోసారి అతను సర్దుకుపోతుండగా వంటింట్లోంచి మాడువాసన వచ్చింది. ఆమె ల్యాంపు కుర్చీలో పడేసి పరిగెత్తింది.

"పాలు పొయ్యి మీద పెట్టి ఎవరన్నా ఇక్కడికొచ్చి నిలబడతారా? ఒక్క పని తిన్నగా రాదు," అన్న మాట ఆమె వెనకే వంటింటిదాకా వచ్చింది.

పొయ్యి తుడుస్తూ ఆమె ఆ మాట గురించే ఆలోచించింది. తిట్టిన మాట గురించి కాదు. తిట్లు అలవాటే, అవి వంటింట్లో గిన్నెల చప్పుడులాంటివి. సర్దుకుపోవాలి అన్నాడే, దాని గురించి. పెళ్ళయిన కొత్తలో అమ్మ చెప్పిన మాట అది, కొత్త మనుషులు కదా, సర్దుకుపో తల్లీ అని. వంటింటికి కిటికీ లేని ఈ ఇంట్లో చేరినప్పుడు అత్తగారు చెప్పిన మాట, ఏదో సర్దుకుపోవాలమ్మాయ్ అని. ఆడపడుచు పిల్లల్ని వేసుకుని వచ్చి సెలవులన్నీ ఇక్కడే ఉండిపోయి, తనకి పడుకోవడానికి బీరువాకీ గోడకీ మధ్య చోటు మిగిలినప్పుడు భర్త చెప్పిన మాట. పనిచేసే చోట ఫ్యాను చెడిపోతే దుకాణం మేడం చెప్పిన మాట. ఆ క్రియకి కర్త ఎప్పుడూ తనే. వేరే ఎవరి పక్కనైనా అది ఇముడుతుందని కూడా ఆమెకు తెలియదు. అలాంటిది ఇవాళ, సాక్షాత్తూ ఆ మనిషి, తన నోటితో తను, నేను సర్దుకుపోతానని ఊరందరి ముందూ ఒప్పుకున్నాడు. ఎవరికోసం? నిన్నగాక మొన్న ఇంట్లో కాలుపెట్టిన ఒక గాజుపలక కోసం.

ఆమెకి అసూయ పుట్టింది. దానికి ఇంకో మంచి పేరు పెట్టడానికి చూసింది గాని ఏదీ అతకలేదు. మనిషి మీద అసూయపడితే నలుగురికీ చెప్పుకోవచ్చు, వాళ్ళూ నాలుగు మాటలు కలుపుతారు. టాబ్లెట్ మీద అసూయ అంటే నవ్విపోతారు. అందుకని మనసులోనే దానికి సవతి అని పేరు పెట్టుకుంది.

ఆ సవతికి జరిగిన మర్యాదలు ఇన్నీ అన్నీ కావు. ఆఫీసునుంచి రాగానే చెప్పులు విప్పకముందే దాన్ని పలకరించేవాడు. "ఏంటి, మొరాయిస్తున్నావా?" అని నవ్వేవాడు. అది తెరుచుకోవడానికి బద్ధకిస్తే, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, పెదాల మీద చిరునవ్వు చెరగకుండా ఎదురుచూసేవాడు. టీ ఇవ్వడం ఒక్క నిమిషం ఆలస్యమైతే ఇల్లు పీకి పందిరేసే మనిషి. ఆ ఎదురుచూపుని ఆమె గుమ్మంలో టీ కప్పు పట్టుకుని నిలబడి చూసేది. తన జన్మలో తనకోసం అతను అలా ఆగిన సందర్భం ఒక్కటన్నా గుర్తొస్తుందేమోనని వెతికేది. ఒకసారి బస్టాండులో ఆగాడు. అది కూడా బస్సు కోసం.

టాబ్లెట్ అన్న మాటతో ఇంట్లో ఇంకో తమాషా జరిగింది. అత్తగారు తన చెల్లెలితో ఫోనులో, "మావాడు టాబ్లెట్ తెచ్చుకున్నాడే," అన్నారు. అవతల ఆవిడ కంగారుపడి, "అయ్యో, ఏమైంది? ఒంట్లో ఎలా ఉంది?" అంది. అత్తగారు నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నారు. కోడలు నవ్వలేదు. ఆమెకి పోయిన నెల జ్వరం గుర్తొచ్చింది. ఒళ్ళు పేలిపోతూ, దుప్పటి కప్పుకుని కూర తరుగుతుంటే అతను తల తిప్పకుండానే, "టాబ్లెట్ వేసుకో, తగ్గుతుంది," అన్నాడు. అంతే. ఇప్పుడేమో ఆ టాబ్లెట్‌కే ఒళ్ళు వెచ్చబడితే, "అబ్బ, కాలిపోతోందే పాపం," అని దాన్ని తీసుకెళ్ళి ఫ్యాను కింద పడుకోబెట్టాడు. ఎవరూ ముట్టుకోవద్దన్నాడు. దాన్ని కాసేపు వదిలేస్తే అదే తేరుకుంటుందట. వదిలేస్తే తేరుకుంటారన్న సంగతి ఈయనకి తెలుసన్నమాట, అనుకుంది ఆమె, చిక్కుళ్ళకి ఈనెలు తీస్తూ.

తర్వాత దానికి గలేబు కావాలన్నాడు. "మెత్తగా ఉండాలి, లోపల గీతలు పడకూడదు," అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆమె కుట్టడం మొదలెట్టింది. కళ్ళల్లో నిప్పులు పోసుకుంటూనే కుట్టింది. పనిదగ్గర మాత్రం ఆమెకి పగ చేతకాదు, కుట్టు వంకరపోతే తనకే నిద్రపట్టదు. పైన బూడిదరంగు గుడ్డ, లోపల మెత్తటి పట్టులాంటి లైనింగు. ఆ లైనింగు ముక్క ఆమె తన జాకెట్టుకని దాచుకున్నది.

అత్తగారు పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని కళ్ళజోడు పైకి నెట్టి చూశారు. "మీ మామగారు రేడియోని ఇలాగే చూసుకునేవారు," అన్నారు. "దానికి గౌను కుట్టమన్నారు. పూలు కూడా కుట్టమన్నారు. కుట్టా. మూలనున్న బల్లంతా దానిదే. నాకేమో అద్దం పెట్టుకోడానికి చోటు లేదు."

"మీకు కోపం రాలేదా అత్తయ్యా?"

"కోపమా? దానితో మాట్లాడినంత ముద్దుగా నాతో ఎప్పుడన్నా మాట్లాడితేగా, కోపం రాకపోవడానికి." ఆవిడ గలేబు అంచు వేలితో తడిమి చూశారు. "ఆయన పోయిన నెలకే ఇచ్చేశా. ఎవరికిచ్చానో కూడా గుర్తులేదు. గౌను మాత్రం ఉతికి దాచుకున్నా. నా కుట్టు కదా."

ఆ ముక్క అని, లేచి, కాస్త టీ పెట్టవే అంటూ వెళ్ళిపోయారు. అత్తగారు ఎప్పుడూ అంతే, ఒక్క క్షణం తలుపు తీసి వెంటనే గడియ పెట్టేస్తారు.

ఆమె పనిచేసేది పరదాలు కుట్టే దుకాణంలో. ముందు గదిలో రంగురంగుల గుడ్డలు వేలాడుతుంటాయి, అద్దాల తలుపులుంటాయి, అక్కడ మేడం కూర్చుంటుంది. వెనక గదిలో మిషన్లుంటాయి. ఆ గదికి కిటికీ లేదు. ఇంటి వంటగదికీ లేదు. ఊళ్ళో ఎన్ని కిటికీలకి ఆమె పరదాలు కుట్టిందో, వాటిలో ఒక్కదాన్ని కూడా చూసి ఎరగదు. వెడల్పు, పొడవు, మడతలు ఎన్ని అన్న అంకెలు చీటీ మీద వస్తాయి, ఆమె కుడుతుంది, పరదా వెళ్ళిపోతుంది. కుట్టేటప్పుడు ఆ కిటికీ ఎలాంటిదో ఊహించుకుంటుంది. చెట్టు కనబడుతుందేమో, ఎదురింటి గోడ అడ్డమేమో, పసిపిల్ల ఎక్కి కూర్చునే గట్టుందేమో. చిన్న కిటికీకి మరీ ఖరీదైన గుడ్డ వస్తే, పాపం ఏం చూడకూడదని ఇంత దాపరికమో అనుకుంటుంది.

ఇళ్ళకి వెళ్ళి కొలతలు తీసుకునేవాడు ఈమధ్యే మానేసి సొంతంగా దుకాణం పెట్టుకున్నాడు. మేడం ఆమెని ముందు గదిలోకి పిలిచింది.

"కొలతలకి నువ్వు వెళ్తావా?" అంది. "ఆడమనిషైతే ఇళ్ళల్లో లోపలిగదుల్లోకి రానిస్తారు. నీకు గుడ్డ తెలుసు, ఏ కిటికీకి ఏది నప్పుతుందో చెప్పగలవు. కాకపోతే పరదాల బొమ్మలన్నీ చూపించడానికి టాబ్లెట్ కావాలి. అతను సొంతది తెచ్చుకునేవాడు. మీ ఇంట్లో ఏదన్నా ఉంటే తెచ్చుకో. నీ ఫోను తెర చూస్తే వాళ్ళు పరదాలు కాదు, మనల్నే వద్దంటారు."

ఆ మాట నిజమే. ఆమె ఫోను భర్త వాడి వదిలేసినది. తెర నిలువునా చీలి ఉంటుంది. ఎవరి ఫొటో చూసినా మొహం రెండు ముక్కలు.

"సోమవారం పొద్దున్నే ఒక ఇంటికి వెళ్ళాలి. వస్తావో రావో చెప్పు, లేకపోతే ఇంకొకర్ని చూసుకుంటా," అంది మేడం.

ఆ సాయంత్రం వీధిలో నడుస్తూ ఆమె జీవితంలో మొదటిసారి కిటికీలు చూసుకుంటూ వచ్చింది. మేడ మీద ఒకచోట తను కుట్టిన పరదా కనిపించింది. నీలంరంగుది, కింద అంచు మడత తన చేతిదే. దాని వెనక ఎవరో దీపం వేశారు. ఆమె కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఆ ఇంట్లోకి వెళ్ళాలని కాదు, ఆ కిటికీలోంచి బయటికి ఏం కనిపిస్తుందో ఒక్కసారి చూడాలనిపించింది.

రాత్రి భోజనాల దగ్గర విషయం చెవిన వేసింది. భర్త ముందు కూర కలుపుకున్నాడు, తర్వాత తినడం ఆపాడు.

"టాబ్లెట్ బయటికి తీసుకెళ్తావా? ఎండ తగలకూడదు దానికి. దుమ్ము పడకూడదు. బస్సుల్లో తోపులాట. అది సున్నితమైన వస్తువు."

తను ఎండలో తిరగడం గురించి తర్వాతన్నా వస్తుందేమోనని ఆమె ఎదురుచూసింది. రాలేదు.

"అయినా పరాయివాళ్ళ కిటికీలు నీకెందుకు? కూర్చుని కుట్టుకునే పని హాయి. పొద్దున్నే నువ్వు వెళ్ళిపోతే ఇక్కడ టిఫినూ, క్యారేజీ, అమ్మ మందులూ ఎవరు చూస్తారు? మా ఆవిడ ఖర్చులేని మనిషి, ఒక్క కోరిక ఉండదు అని నేను ఆఫీసులో గొప్పగా చెప్పుకుంటా. ఇప్పుడు కొత్తగా ఇదేంటి?"

ఖర్చులేని మనిషి. ఈ మాట కూడా పాతదే. నలుగురు చుట్టాలు చేరినప్పుడల్లా అతను ఆమె భుజం మీద చెయ్యి వేసి అనే ఒకే ఒక్క మెచ్చుకోలు. అన్నప్పుడల్లా వాళ్ళు ఆమెవైపు మెచ్చుకోలుగా చూసేవాళ్ళు, ఆమె కూడా పొంగిపోయేది. తను చవక అని చెప్తున్నాడని ఇన్నాళ్ళూ తట్టలేదు. ఇప్పుడు తట్టింది. సరే, చవకే అనుకుందాం. ఆ టాబ్లెట్ కూడా చవకే కదా. మరి చవకది అని దాని తప్పులన్నీ కాసే మనిషి, తన దగ్గరికొచ్చేసరికి చవకగా వచ్చిన దాన్నుంచి ఇంత ఎందుకు పిండుతున్నాడు? పళ్ళేలు కడుగుతూ ఎంత ఆలోచించినా ఆమెకి ఇది కొరుకుడుపడలేదు.

దుకాణానికి సెలవైన రోజు మధ్యాహ్నం, అత్తగారు కునుకు తీస్తుండగా, ఆమె బీరువా తెరిచింది. అతని చొక్కాల మడతల మధ్య సవతి పడుకుని ఉంది. సవతి ఇంటికెళ్ళి తలుపు సందులోంచి చూసే ఆడదానిలా ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంది. గలేబులోంచి తీసి బల్ల మీద పెట్టుకుంది. తెర తెరవడానికి చుక్కల మీద గీత గియ్యాలి, ఆ గీత అతను రోజూ గియ్యగా చూసిందే. గీసింది. కదల్లేదు. నీ మొగుడొస్తే గాని పలకవా అనుకుంది. తర్వాత చూసుకుంటే తన వేలు తడిగా ఉంది, గిన్నెలు కడిగిన చెయ్యి. తువ్వాలుకి తుడుచుకుని, చేతులు ఆరేదాకా ఊదుకుని, మళ్ళీ గీసింది. ఈసారి తెరుచుకుంది.

దానిలో తెలుగు కూడా వస్తుందని వీడియోలో చూపించడానికి అతను భాష మార్చి అలాగే వదిలేశాడు. తెర మధ్యలో ఒక చిన్న గుండ్రం తిరుగుతోంది. దాని కింద, దయచేసి వేచి ఉండండి, అని ఉంది.

ఆమె ఆ మాట రెండుసార్లు చదువుకుంది. ఉండండి. ఇంట్లో అందరికీ అండీ అనేది తను. తనని ఎవరూ అనరు. భర్త ఇదిగో అంటాడు, అత్తగారు ఏమేవ్ అంటారు, మేడం తనకంటే చిన్నదే అయినా నువ్వు అంటుంది. ఈ గాజుపలక ఎవరో ఏమిటో అడక్కుండానే మర్యాద ఇచ్చింది. ఇంతలో ఏదో నొక్కితే ఇంకో పలకరింపు వచ్చింది, మీ కెమెరాను వాడుకోవడానికి అనుమతిస్తారా అని. కింద రెండు గళ్ళు, అనుమతించు అని ఒకటి, తిరస్కరించు అని ఒకటి. ఒక పని చేయబోయే ముందు ఆమెని అనుమతి అడగడం అనేది ఈ ఇంట్లో ఇదే మొదలు. ఎలా ఉంటుందో చూద్దామని తిరస్కరించు నొక్కింది. ఆ గడి మాయమైంది. అది అలగలేదు, మూతి ముడుచుకోలేదు, అమ్మతో చెప్తానని లేచి వెళ్ళలేదు. తన మానాన తను పనిచేసుకుంటోంది.

అయితే మహా మొద్దు. అతను చెప్పిన నిదానం అబద్ధం కాదు. ఒక బొమ్మ తెరవమంటే ఈలోగా ఆమె వెళ్ళి ఆరేసిన బట్టలు తెచ్చి మడత పెట్టేసింది. ఇంత మొద్దుదానికి ఇన్ని ముద్దులా అనుకుంటే ఒళ్ళు మండింది. తను ఇందులో సగం నిదానంగా ఉండి ఉంటే ఈపాటికి పుట్టింట్లో ఉండేది. కానీ దాన్ని తిట్టబోతే మనసొప్పలేదు, అంతసేపూ అది అండీ అంటూనే ఉంది మరి.

చివరికి అతని 'తొలిచూపు' దొరికింది. తను లైటు పట్టిన వీడియో. అందులో ఆమె లేదు, పట్టుకున్న వెలుగు ఉంది. ఒక్కచోట మాత్రం ఆమె నీడ వచ్చి పోయింది. అతని వెనక కిటికీకి తను కుట్టిన పరదా. దుకాణంలో మిగిలిన ముక్కలు కలిపి, అతుకులన్నీ మడతల లోపలికి పోయేలా కుట్టింది. వేలాడదీసిన రోజు స్టూలు పట్టుకోమంటే, ఇప్పుడు ఇంట్లో పరదాలు లేక ఎవరు ఏడ్చారు అని విసుక్కుంటూ పట్టుకున్నాడు.

వీడియో కింద జనం రాసిన మాటలున్నాయి. బాగుంది అన్నా అని ఆఫీసువాడెవరో రాశాడు. దాని కింద ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి, "టాబ్లెట్ సంగతి సరే గాని, మీ వెనక ఉన్న పరదా ఎక్కడ కుట్టించారండీ? మడతలు ఎంత బాగా పడ్డాయో," అని రాసింది. దానికి భర్త జవాబిచ్చాడు.

"బజార్లో కొన్నదేనండి."

ఆమె ఆ రెండు మాటలకేసి చాలాసేపు చూసింది. మర్చిపోయాడేమో అని సర్దిచెప్పుకోబోయింది. టాబ్లెట్ ఎంత మందం ఉందో, ఎన్ని రంగుల్లో దొరుకుతుందో మర్చిపోని మనిషి ఇది మర్చిపోయాడా? ముక్కూమొహం తెలియని మనిషికి అండీ అని, ఆ అండీ పక్కనే తనని చెరిపేశాడు. ఇన్నాళ్ళూ అసూయ అంటే గుండెల్లో చిన్న మంట అనుకుంది. ఇప్పుడు అది లేచి నిలబడి మాట్లాడమంది.

ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఆ జవాబు కింద రాసింది. "కొన్నది కాదండి. కుట్టింది నేనండి." పంపు అన్న గుర్తు నొక్కింది. గుండ్రం తిరిగింది, తిరిగింది, మాట తెరమీదకొచ్చింది. దాని పక్కన బొమ్మ చూసి ఆమె గతుక్కుమంది. మీసాలతో నవ్వుతూ భర్త. ఆ టాబ్లెట్‌లో ఏం రాసినా అతని పేరుతోనే, అతని మొహంతోనే వెళ్తుంది. 'కుట్టింది నేనండి' అంటున్నాడు మీసాలాయన. ఎలా తుడిచెయ్యాలో ఆమెకి తెలియలేదు. తుడిచెయ్యాలని గట్టిగా అనిపించనూ లేదు. గలేబులో పెట్టి, చొక్కాల మధ్య పడుకోబెట్టి, బీరువా మూసేసింది.

రెండ్రోజుల తర్వాత అతను ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాడు.

"నా టాబ్లెట్ ముట్టుకున్నావా?"

ఆమె తలూపింది.

"పర్లేదులే," అన్నాడు. ఆమె నమ్మలేకపోయింది. "చూడు ఎంతమంది రాశారో." చదివి వినిపించాడు. "మగవాళ్ళు ఇలా కుట్టడం ఎంత ముచ్చటగా ఉందో." "ఇంట్లో ఆడవాళ్ళకి సాయపడే మొగుడు దొరకడం అదృష్టం." "మీ ఆవిడ ఏ నోము నోచుకుందో అన్నయ్యా."

"మరి... మీరు చెప్పలేదా?"

"ఏం చెప్పాలి? ఆఫీసులో అందరూ లేచి చెయ్యి కలిపారు. ఏదో తీరిక దొరికినప్పుడు కుడుతుంటానని అన్నా. ఇప్పుడు కాదంటే బాగుంటుందా?" గొంతులో తేనె తిరిగింది. "చూసేవాళ్ళు ఎంత పెరిగారనుకున్నావ్. ఈ ఆదివారం టాబ్లెట్‌తోనే తీద్దాం, పరదాల మీద. నువ్వు ఒకటి కొత్తది కుట్టిపెట్టు. నేను చెప్తా. నువ్వు లైటు పట్టుకుందువు గాని."

కుర్చీలోంచి అత్తగారు కళ్ళజోడు మీదుగా కొడుకుని చూశారు. "సూదిలోకి దారం ఎక్కించడం వచ్చురా నీకు?"

"అబ్బా, అది వీడియోలో ఎవరు చూస్తారమ్మా?" అన్నాడు అతను.

ఆమె పరదా కుట్టింది. మొగుడు అడిగాడని కాదు, దుకాణంలో మిగిలిన ఆ పసుపు గుడ్డ మీద ఆమెకి ఎప్పట్నుంచో కన్నుంది. మడతలు వేస్తున్నంతసేపూ ఆలోచన ఒక్కటే. ఇన్నాళ్ళూ తను దేనికి అసూయపడింది? అది అనుభవిస్తున్న మర్యాదకి. ఆ మర్యాద ఎందుకు దక్కింది? మంచిదని కాదు, పని బాగా చేస్తుందని అంతకన్నా కాదు. అలిసిపోతే ఆగిపోతుంది గనక. తనకి చేతకానిది చేతకాదని తెర మీద రాసి చూపిస్తుంది గనక. దాన్ని ఎంత తిట్టినా అది చేసేది అంతే గనక, సర్దుకుపోయేది అతనే అయ్యాడు. తను ఎప్పుడూ ఆగలేదు. ఆగని వస్తువు వేడెక్కిందో లేదో ఎవరు చూస్తారు? ఈ సంగతి తెలిసినప్పుడు ఆమెకి ఏడుపు రాలేదు, నవ్వొచ్చింది. సవతి మీద మొదటిసారి కాస్త గౌరవం కూడా కలిగింది.

ఆదివారం సాయంత్రం అతను తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పసుపు పరదా ముందు కూర్చున్నాడు. చేతిలో ఆమె కత్తెర పట్టుకున్నాడు, తిరగేసి. టాబ్లెట్‌ని పుస్తకాల దొంతరకి ఆనించి నిలబెట్టాడు. పొద్దున్నుంచీ ఛార్జింగులో ఉంది, నిండుగా ఉంది.

"లైటు ఎత్తు. నీ నీడ పడకుండా చూసుకో," అన్నాడు. గొంతు సవరించుకుని తెరవైపు తిరిగాడు. "మిత్రులారా, కుట్టుపని అంటే నాకు చిన్నప్పట్నుంచీ..."

ఆమె ల్యాంపు బల్ల మీద పెట్టింది. జాగ్రత్తగానే పెట్టింది. తెర ముందుకు వచ్చింది. ఆమె నీడ పరదా మీదా, కత్తెర మీదా, అతని మీదా నిలువెత్తున పడింది. టాబ్లెట్ తీసి, తెర ఆపి, బూడిదరంగు గలేబులో పెట్టి, కొలత టేపు ఉన్న తన సంచీలోకి జార్చుకుంది. అతని చేతిలోంచి కత్తెర కూడా తీసుకుంది.

"ఏంటిది? మధ్యలో..."

"రేపు పొద్దున్న కొలతలకి వెళ్ళాలి, వస్తానని మేడంకి చెప్పేశాను. బొమ్మలు చూపించడానికి ఇది కావాలి," అంది. కత్తెర కూడా సంచీలో వేసింది. "సాయంత్రం తెచ్చేస్తాను. వేడెక్కితే ఫ్యాను కింద పెడతాలెండి."

"మరి నా వీడియో? పొద్దున టిఫినూ? క్యారేజీ?" అతను తల్లివైపు తిరిగాడు. "అమ్మా, నువ్వన్నా చెప్పు దానికి."

అత్తగారు పసుపు పరదా అంచు చేతిలోకి తీసుకుని మడతలు చూస్తున్నారు. "నన్నడక్కురా," అన్నారు. "నేను చాలా ఏళ్ళు చెప్పా. ఇక నాకు ఓపిక లేదు."

అతను మళ్ళీ ఆమెవైపు తిరిగాడు. కోపం కంటే ఎక్కువగా, చెప్పిన మాట వినని వస్తువుని చూసినట్టు అయోమయంగా చూశాడు. "నీకేమైంది అసలు? ఎప్పుడూ ఇలా లేవే?"

ఆమె సంచీ భుజానికి తగిలించుకుని చూసుకుంది. నిజంగానే బరువు తెలియలేదు. అప్పుడు అతని వీడియో గొంతు, ఆ మెత్తటిది, అచ్చం అలాగే ఆమె నోట్లోంచి వచ్చింది.

"ఖర్చులేని మనిషిని కదండీ, కొన్ని లోపాలుంటాయి. ఈ ధరకి నేను ఎక్కువే. ఇక మీరే కాస్త సర్దుకుపోవాలి."